ఇరుగు పొరుగు చప్పుళ్లు

మన సంఘం సమావేశాల్లో డి.ఏ. బకాయిలూ, మెడికల్ రీయింబర్స్‌మెంటు సంగతులూ అయిపోయి టీ గ్లాసులు చేతికొచ్చాక తప్పకుండా వచ్చే ప్రస్తావన ఒకటుంది. అది పక్కింటి చప్పుడు. ఒకరికి పై వాటాలో కుర్చీలు ఈడ్చే గోల, ఒకరికి తెల్లవారకముందే బోరు మోటారు, ఒకరికి ఎదురింటి కుక్క, మరొకరికి కల్యాణ మండపం. "మీకేమండీ, అరకులో ఉన్నారు. కొండల్లో హాయిగా నిశ్శబ్దం" అని మిత్రులు నన్ను చూసి అసూయపడుతూంటారు. ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమన్నారు గనుక, ఆ మాటకే జవాబు రాద్దామనుకున్నాను. కొండల్లో నిశ్శబ్దం అన్నది మైదానం వారి ఊహ. ఇక్కడా చప్పుడుంది, ఆ చప్పుడుకో చరిత్ర ఉంది.

నేను 1974లో గుమాస్తాగా అరకు వచ్చాను. 2008లో రిటైరయ్యాను. ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉంటున్నాను. మనం 1/70 అని పిలుచుకునే 1970 నాటి చట్టం ప్రకారం ఇక్కడ నావంటి గిరిజనేతరులు భూమి కొనరాదు. అది న్యాయమే. చప్పుడు గురించి ఫిర్యాదు చేసేముందు ఊరు ఎవరిది, వచ్చి చేరినది ఎవరు అన్నది గుర్తుంచుకోవడం మంచిదని ఈ సంగతి ముందుగా చెబుతున్నాను.

కొండ ఊళ్లు చాలావాటిలో ఇళ్లు ఎదురెదురు వరుసలుగా, గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. నేను వచ్చిన రోజుల్లో తొలికోడి కూయకముందే తిరగలి చప్పుడు మొదలయ్యేది. చోళ్లు విసరడం, సామలు దంచడం అన్నీ ఆడవాళ్ల పనే. ఏ ఇంట్లో రోకలి మోగిందో, ఏ ఇంట్లో మోగలేదో వరుసకంతా తెలిసేది. మోగలేదంటే ఒంట్లో బాగులేదనో, గింజలు నిండుకున్నాయనో అర్థం. అడవిపందులు చేను మీద పడకుండా పంటకాలంలో మంచెల మీద రాత్రంతా కేకలు వేసేవారు, డబ్బాలు కొట్టేవారు. ఊరి కబురు చెప్పడానికి బారికి వీధిలో కేక వేసేవాడు. పండుగ నెలల్లో థింసా ఆటకు తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మోగేవి. ఒక ఊరివారు మరో ఊరికి వెళ్లి ఆడేవారు కాబట్టి ఒకరి సందడి మరొకరికీ సందడే అయ్యేది. పెళ్లి డప్పు వేరు, చావు డప్పు వేరు. పడుకున్నవాడు పక్కమీదనుంచే విని సంగతి గ్రహించేవాడు.

ఈ చప్పుళ్లు తక్కువేమీ కావు. కొత్తలో నాకు వారంరోజులు నిద్ర పట్టలేదు. కానీ వీటికి ఒక కట్టుబాటు ఉండేది. ప్రతి చప్పుడుకూ ఒక పని ఉండేది, ఒక వేళ ఉండేది, అది ఎవరిదో అందరికీ తెలిసేది. తగువు వస్తే పెద్దలు కూర్చుని తీర్చేవారు. 1839 నాటి 24వ చట్టంతో బ్రిటిషువారు గంజాం, విశాఖపట్నం కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి ఏజెంటు పాలనలో పెట్టారు. పక్కింటి తగువును పట్టుకుని కొండ దిగి కోర్టుకు పోవడమన్నది ఇక్కడివారి అలవాటులో లేదు.

సర్కారు కూడా చప్పుడును తప్పుపట్టలేదు సరిగదా, దాన్నే వాడుకుంది. రెవెన్యూ ఆఫీసుల్లో పనిచేసిన మనవారికి టముకు సంగతి చెప్పనక్కరలేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 21వ ఆర్డరు, 54వ రూలు ప్రకారం ఆస్తి జప్తు ఉత్తర్వును ఆ ఆస్తి దగ్గర డప్పు కొట్టించిగానీ, ఆచారంలో ఉన్న మరో విధంగాగానీ చాటించాలి. "దండోరా వేయించడమైనది" అన్న వాక్యం లేకపోతే ఫైలు కదిలేది కాదు. పదిమందికీ తెలియాల్సింది పదిమందికీ వినపడాలన్నదే ఆనాటి న్యాయం.

ఆ తర్వాత కొత్త చప్పుళ్లు ఒక్కొక్కటిగా కొండెక్కాయి. మొదటిది రైలు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడం కోసం 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. అరకు దగ్గరి శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తుకు గూడ్సుబళ్లను లాగాలంటే మాటలా? ఎక్కేటప్పుడు ఇంజన్ల రొద, దిగేటప్పుడు బ్రేకుల కీచు, సొరంగాల ముందు కూత. లైను విద్యుదీకరణ జరిగాక రొద కొంత తగ్గింది. అయినా ఊరు ఆ బండికి అలవాటుపడి, దాన్నే గడియారం చేసుకుంది. బండి రాని రాత్రి "ఏమైందో" అని లేచి కూర్చున్నవారిని నేనెరుగుదును.

రెండోది రేడియో. 1963లో విశాఖపట్నంలో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. అప్పట్లో రేడియోకు లైసెన్సు ఉండేదని, ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టేవాళ్లమని మన పిల్లలకు చెబితే నవ్వుతారు. 1980లలో ఆ లైసెన్సు పోయింది. వీధికొక్క ట్రాన్సిస్టరు ఉన్నన్నాళ్లూ అది వీధి అందరిదీ. సౌండు పెంచమనేవారేగానీ తగ్గించమనేవారు లేరు. ఇంటికొకటి వచ్చాకనే "మీది మాకెందుకు" అన్న మాట పుట్టింది. టీవీలు, పెళ్లిళ్లకు మైకుసెట్లు కూడా ఆ దారినే వచ్చాయి.

మూడోది కాఫీ. 1960లలో అటవీశాఖ ఇక్కడ తోటలు పెంచింది. తర్వాత ఐ.టి.డి.ఎ. ద్వారా గిరిజన రైతుల సొంత తోటలు విస్తరించాయి. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నవంబరు మొదలు పళ్లు కోతకొస్తాయి. కోసిన పండును ఆరోజే పల్పరులో వేసి తొక్క తీయాలి, లేకపోతే పులిసి రుచి చెడుతుంది, ధర పోతుంది. పగలంతా కోత, చీకటి పడ్డాక పెరట్లో పల్పరు తిప్పుడు. కాబట్టి ఆ చప్పుడు సరిగ్గా మనం మంచమెక్కే వేళకే వస్తుంది. అది వారి ఏడాది కష్టం చేతికొచ్చే చప్పుడు.

నాలుగోది పర్యాటకం. 2017లో విశాఖ–అరకు రైలుకు అద్దాల బోగీ తగిలించారు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. ఏటేటా చలికాలంలో జనం పెరిగారు. ఇళ్ల నడుమ బసలు వెలిశాయి. రాత్రి నెగడు, దాని పక్కన సౌండు బాక్సులు. పాత చప్పుళ్లకూ దీనికీ ఒక తేడా ఉంది. తిరగలి తిప్పినావిడ రేపూ పక్కింట్లోనే ఉంటుంది. రాత్రి పాటలు పెట్టినవాడు తెల్లారేసరికి బండెక్కి వెళ్లిపోతాడు. రేపు ముఖం చూపించాల్సిన అవసరం లేనివాడికి మొహమాటం ఎందుకుంటుంది?

ఇక చట్టం మాట. 1860 నాటి శిక్షాస్మృతి 268వ సెక్షను పదిమందికి ఇబ్బంది కలిగించే పనిని నేరమంది. 290వ సెక్షను దానికి 200 రూపాయలదాకా జరిమానా అంది. నూటయాభై ఏళ్లకుపైగా ఆ 200 రూపాయలు అలాగే ఉండిపోయాయి. మన పెన్షనుకన్నా కదలని అంకె అదొక్కటే అనుకుంటాను! 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షనులో దాన్ని 1000 రూపాయలు చేశారు. అసలైన నిబంధనలు 2000 ఫిబ్రవరిలో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించరాదు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళల్లో ఆరుబయట లౌడుస్పీకరు వాడరాదు. పండుగల కోసం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఇచ్చారు.

2005 జూలై 18న సుప్రీంకోర్టు శబ్దకాలుష్యంపై పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు ఎలా పుట్టిందో చాలామందికి తెలియదు. పదమూడేళ్ల బాలికపై అత్యాచారం జరుగుతూంటే ఆమె కేకలు చుట్టుపక్కల లౌడుస్పీకరు హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన ఆ వార్త చూసి ఒక పౌరుడు కోర్టుకెక్కాడు. చప్పుడు వల్ల చెవి పాడవుతుంది, రక్తపోటు పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, నిజమే. కానీ పక్కవాడి కేక మనకు వినపడకుండా చేయడం వీటన్నిటికన్నా పెద్ద కీడు. ఈ మాట నేను పుస్తకం చూసి చెప్పడం లేదు.

మూడేళ్ల క్రితం డిసెంబరులో మా ఆవిడ విజయనగరంలో మా అమ్మాయి దగ్గరకు వెళ్లింది. ఇంట్లో నేనొక్కడినే. రాత్రి పదిన్నరకు పెరట్లోకి వెళ్లి, మెట్టు మీద కాలు జారి పడ్డాను. మడమ విరిగింది. ఫోను లోపల బల్లమీద ఉండిపోయింది. అరిచాను. వెనుక ఉన్న ఒక బసలో సౌండు బాక్సులు మోగుతున్నాయి. పక్కింటివారి పల్పరు అప్పటికే ఆగిపోయింది, కానీ ఆ పాటల హోరులో నా గొంతు వారి గోడ దాటలేదు. అర్ధరాత్రి దాటాక పాటలు ఆగాయి. అప్పటికి నాకు గొంతు లేదు, చుట్టూ అందరూ నిద్రలో ఉన్నారు. డిసెంబరు అరకు చలి మీకు తెలుసు. పాకుతూ వసారా చేరి, అక్కడున్న గోనెసంచులు కప్పుకుని పడి ఉన్నాను.

తెల్లవారి ఆకాశవాణి మొదలయ్యే వేళకు రేడియో పెట్టడం నాకు నలభై ఏళ్ల అలవాటు. ఆరుదాటి కాసేపటికి పక్కింటామె తలుపు కొట్టి, పెరటివైపు తిరిగి వచ్చి నన్ను చూసి కేక పెట్టింది. ఆమె భర్త, కొడుకు వచ్చి నన్ను మంచం మీద మోసుకుపోయారు. ఆస్పత్రిలో అడిగాను, "నీకెలా తెలిసిందమ్మా" అని. "మీ రేడియో మోగలేదు బాబుగారూ, అందుకే వచ్చాను" అంది.

మిత్రులారా, ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ రాత్రి నా బల్లమీద ఫోను పక్కనే ఒక కాగితం ఉంది. వారి పల్పరు మీద పంచాయతీకి నేను రాసిన ఫిర్యాదు. సంతకం ఒక్కటే మిగిలింది. ఇంటికొచ్చాక దాన్ని చింపేశాను. తర్వాత ఒకరోజు ఆమె భర్తతో "నా రేడియో మీకు ఇబ్బందిగా ఉండేదా" అని అడిగితే నవ్వాడు. "మా గుంటడు పసివాడప్పుడు రోజూ దానికే లేచి ఏడిచేవాడు బాబుగారూ. పెద్దవారు, ఏం చెబుతాంలే అనుకున్నాం" అన్నాడు. ఇన్నేళ్లూ వారు నన్ను భరించారు. నేను రెండు నెలల పల్పరును భరించలేకపోయాను.

బసవారి దగ్గరకు కట్టు విప్పాక నేనూ, అతనూ, వీధిలో ఇద్దరు పెద్దలూ కలిసి పగటిపూట వెళ్లాం. నిబంధనల కాగితం తీసుకెళ్లాం గానీ ముందు దాన్ని జేబులోంచి తీయలేదు. జరిగింది చెప్పాం. ఆ మేనేజరు కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. పదింటికి ఆపుతామన్నాడు. ఎక్కువ రోజులు ఆపుతున్నారు. ఆపని రోజు ఫోను చేస్తున్నాం. ఒకసారి పోలీసులను పిలవవలసి వచ్చింది, పిలిచాం. అందులో తప్పు లేదు.

నా అనుభవంకొద్దీ తోటి పెన్షనర్లకు చెప్పేది ఇంతే. ముందు ఆ చప్పుడు ఎవరి పనో తెలుసుకోండి. పొట్టకూటి చప్పుడైతే వేళ గురించి మాట్లాడుకోండి, ఆపమనవద్దు. కోపం వచ్చిన రాత్రి వెళ్లకండి, మర్నాడు పగలు వెళ్లండి. మంచిమాట పనిచేయకపోతే చట్టం ఉంది, మొహమాటపడకండి. మన చెవులు మందగించి టీవీ ఎంత పెంచుతున్నామో పక్కింటివారిని ఒకసారి అడిగి చూడండి, జవాబు విని నొచ్చుకోకండి. ఒంటరిగా ఉంటున్నవారు రోజూ వినపడే ఒక చిన్న అలవాటు పెట్టుకుని, అది వినపడకపోతే వచ్చి చూడమని పొరుగువారితో చెప్పి ఉంచండి.

ఈ ఏడూ పల్పరు తిరుగుతోంది. తిరగని రాత్రి ఏమైందోనని నేనే గోడ దగ్గరకు వెళ్లి పిలుస్తున్నాను. ఇరుగు చల్లన, పొరుగు చల్లన, మన ఇళ్లూ చల్లన.