బరువు తగ్గించే బదులు ఆహారం – మన వంటింట్లోనే

శరీరశ్రమకు మించి తిన్న ఆహారం కొవ్వుగా మారి నిలువ చేరడమే స్థూలకాయానికి మూలం. ఇది పట్టణవాసుల సమస్య అని ఒకప్పుడు భావించేవారు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది. పట్టుచీరల మగ్గంపై గంటల తరబడి కూర్చొనే వై.ఎన్.హొసకోట నేతగానికీ, ట్రాక్టరు రాకతో నడక తగ్గిన రైతుకూ ఈ ముప్పు సమానమే.

అధిక బరువును గుర్తించడం ఎలా?

బరువును కిలోలలో, ఎత్తును మీటర్లలో తీసుకొని, బరువును ఎత్తు వర్గంతో భాగించవలెను. ఫలితం 23 దాటితే మన దేశీయులకు అధిక బరువే. ఉదాహరణకు 160 సెంటీమీటర్ల ఎత్తు గలవారు 59 కిలోలు మించరాదు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండవలెను.

మన కంచం ఎలా మారింది?

రాగి, సజ్జ, కొర్ర, ఉలవ ఈ మెట్టభూముల పాత పంటలు. 1983లో ఆంధ్ర వైపు కిలో రెండు రూపాయల బియ్యం, 2013లో కర్ణాటకలో అన్నభాగ్య పథకం వచ్చాయి. అవి పేదల ఆకలి తీర్చినవి; అది గొప్ప మేలు. కాని ఉదయం చిత్రాన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం కావడంతో పీచుపదార్థం తగ్గిపోయింది.

దేనికి బదులు ఏది?

• రాత్రి అన్నానికి బదులు సంగటి (ముద్ద): 100 గ్రాముల రాగులలో సుమారు 11 గ్రాముల పీచు ఉన్నది, పాలిష్ బియ్యంలో 3 గ్రాములకు లోపే. కడుపు త్వరగా నిండుతుంది. అయితే శక్తిలో రెండింటికీ పెద్ద తేడా లేదు. కనుక రెండు ముద్దలకు బదులు ఒక ముద్ద, దానితో ఆకుకూర పప్పు గాని, ఉలవచారు గాని ఎక్కువగా తీసుకోవలెను.

• బజ్జీ, బోండాలకు బదులు గుగ్గిళ్ళు: పెసలు, అలసందలు, ఉలవలు ఉడికించినవి. వేరుశనగ బలమైనదే, కాని 100 గ్రాములలో 520 కేలరీల వరకు ఉంటాయి. పిడికెడు చాలు.

• బేకరీ బన్ను, బిస్కెట్టుకు బదులు జామ, బొప్పాయి వంటి పండు.

• సీసా పానీయాలకు బదులు పలుచని మజ్జిగ, చక్కెర లేని అంబలి.

• తీపి టీకి బదులు చక్కెర తగ్గించిన టీ: రోజుకు నాలుగు కప్పులు, కప్పుకు రెండు చెంచాల చక్కెర అనుకొంటే 40 గ్రాములు, అనగా 160 కేలరీలు. బెల్లం వేసినా లెక్క దాదాపు అంతే. బెల్లం బరువు తగ్గించదు.

నూనె లెక్క

ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. నలుగురు ఉన్న ఇంట నెలకు 5 లీటర్లు వాడితే తలకు రోజుకు సుమారు 340 కేలరీలు నూనె నుండే అందుతాయి. 3 లీటర్లకు తగ్గిస్తే సుమారు 135 కేలరీలు తగ్గుతాయి. సీసానుండి నేరుగా పోయక, చెంచాతో కొలిచి వేయడం అలవాటు చేసుకోవలెను.

జాగ్రత్తలు

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుని అడగక ఆహారం తగ్గించరాదు. రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. గర్భిణులు, బాలింతలు, ఎదిగే పిల్లలు పస్తులుండరాదు. రాగి పిండిని మెత్తగా కాచి చక్కెర కలిపిన మాల్ట్ మధుమేహులకు తగదు. వారానికి అరకిలో మించి తగ్గాలని ఆశించరాదు.

కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని భారత వైద్య పరిశోధన మండలి 2024లో సూచించింది. ఇంట్లో ఒకరికి వేరుగా వండడం ఎక్కువ కాలం సాగదు. కావున ఒక్క మార్పును ఎంచుకొని ఇంటిల్లిపాదీ నెలరోజులు పాటించండి. అది అలవాటయ్యాక రెండవది చేపట్టండి. ముద్దను తెలుగువారు సంగటి అన్నా, కన్నడిగులు ముద్దె అన్నా, ఈ సరిహద్దు గ్రామాలకు అది కొత్త వైద్యం కాదు, పాత అన్నమే.