శ్రీకాకుళం గిరిజనోద్యమం: సాయుధ ఆత్మరక్షణ

అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీలో సవర, జాతాపు గిరిజనులు 1967–70 మధ్య చేసిన పోరాటాన్ని నక్సల్బరీ తిరుగుబాటుకు కొనసాగింపుగా చెప్పడం పరిపాటి. కానీ అంతకు పదేళ్ళ ముందే అది చట్టబద్ధమైన సంఘంగా మొదలైంది. కొండ భూములు అప్పుల కింద మైదాన ప్రాంతపు షావుకార్ల పాలయ్యాయి. ఈ బదిలీలను కట్టడి చేసే చట్టం 1917 నుంచే ఉన్నా అమలు చేసినవారు లేరు. సొంత పొలంలోనే కంబారిగా (పాలేరుగా), వెట్టివాడిగా మిగిలిన గిరిజనుల్ని ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం గిరిజన సంఘంలోకి కూడగట్టారు.

1967 అక్టోబర్ 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు వెళ్తున్నవారిపై లేవిడి దగ్గర భూస్వాముల వర్గం కాల్పులు జరిపింది. కోరన్న, మంగన్న అక్కడే చనిపోయారు. నిందితుల్ని 1968లో కోర్టు వదిలేసింది. పోలీసు, కోర్టు తమవి కావన్న నమ్మకం ఆ తీర్పుతో గట్టిపడింది. విల్లంబులు, గొడ్డళ్ళు వేటకూ పోడుకూ ప్రతి గుడిసెలో ఉండేవే; ఇక వాటి పని మారింది. 1968 నవంబర్ 25న పెదగొట్టిలిలో వందలాది మంది గిరిజనులు ఒక భూస్వామి ఇంటిపై పడి ధాన్యం, అప్పు పత్రాలు పట్టుకుపోయారు.

అవే రోజుల్లో ఉద్దానంలోని గరుడభద్రలో రైతులు భూస్వామి పొలంలో బలవంతంగా పంట కోశారు. బారువ నుంచి పలాస దాకా ఉన్న ఈ జీడి, కొబ్బరి తోటల సీమకు ఎదురుతిరగడం కొత్త కాదు. 1940లో మందస జమీందారీలో పోలీసులకు అడ్డం నిలిచి గున్నమ్మ అనే రైతు మహిళ తుపాకీ గుండుకు బలైంది. సుబ్బారావు పాణిగ్రాహి ఇక్కడి బొడ్డపాడు గుడిలో పూజారి; జముకుల కథ కట్టి ఊరూరా చెప్పి పోరాటాన్ని జనం నోట పెట్టాడు.

సాయుధ ఆత్మరక్షణకు హద్దు ఎక్కడో ఒక పోలికతో చూడవచ్చు. 1964లో అమెరికాలోని లూసియానాలో నల్లజాతివారు ‘డీకన్స్ ఫర్ డిఫెన్స్’ పెట్టుకుని తుపాకులతో పౌరహక్కుల కార్యకర్తలకు కాపలా కాశారు. వారు కాపలా హద్దులోనే ఉన్నారు. శ్రీకాకుళంలో నాయకత్వం భూస్వాముల నిర్మూలనకు దిగింది. లేవిడి తర్వాత గిరిజనులు ఆయుధం పట్టడాన్ని ఆత్మరక్షణ అనవచ్చు, ఇళ్ళపై పడి చంపడాన్ని అనలేం. దానికి కొండ ఊళ్ళు చెల్లించిన మూల్యం ఘోరమైనది. 1969లో ఏజెన్సీని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ డిసెంబరులో పాణిగ్రాహి, ఉద్యమ నాయకురాలు పంచాది నిర్మల, 1970 జూలై 10న సత్యనారాయణ, కైలాసం పోలీసుల చేతిలో మరణించారు. వాటిని ప్రభుత్వం ఎదురుకాల్పులంది. పట్టుకుని కాల్చారని ఉద్యమకారులు అన్నారు.

1970లోనే 1/70 చట్టం వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుల మధ్య కూడా భూమి బదిలీని అది నిషేధించింది. గిరిజనేతరుడి చేతిలోని భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం ఆ గిరిజనేతరుడిదే.