తెర వెనుక ప్రతినాయకుడు: చిత్తూరు సీమ భారత ఉత్సవాలలో దుర్యోధన పాత్ర

వ్యాససంగ్రహం:
ప్రతినాయకుని దృష్టి నుండి కథను చెప్పడం ఆధునిక ధోరణిగా ప్రచారంలో ఉంది. వీధినాటకంలోని పాత్రప్రవేశ పద్ధతి ఆ అవకాశాన్ని ముందే కల్పించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీధినాటకం, తోలుబొమ్మలాట, దుర్యోధన వధ, ప్రతినాయకుడు, హాస్యం.

1. ఉపోద్ఘాతం
దుష్టపాత్రలే కేంద్రంగా నవ్వించే యానిమేషన్ ధారావాహికలు నేడు ప్రసిద్ధం. 2019లో ప్రారంభమైన అమెరికన్ ధారావాహిక ‘హార్లీ క్విన్’ ఇందుకు ఉదాహరణ. తెలుగులో ఈ దృష్టిని పేర్కొనవలసి వచ్చినప్పుడు త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబుక వధ’ (1920), నందమూరి తారక రామారావు ‘దానవీరశూరకర్ణ’ (1977) ముందుగా స్ఫురిస్తాయి. మొదటిది పురాణంలోని ధర్మనిర్ణయాన్నే ప్రశ్నించింది. రెండవది కర్ణ దుర్యోధనుల పక్షానికి వెండితెరపై గంభీరమైన వాణిని సమకూర్చింది. ఈ రెండింటికీ భిన్నమైన మూడవ మార్గం జానపద ప్రదర్శనలో ఉంది.

2. ఉత్సవ స్వరూపం
సదుం, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలతో కూడిన చిత్తూరు సీమలో ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద భారత ఉత్సవాలు జరిపే సంప్రదాయం ఉంది. పర్వాల సంఖ్యను అనుసరించి 18 రోజులు నిర్వహించడం ప్రసిద్ధమైన పద్ధతి; ఊరిని బట్టి వివరాలు మారుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం సాగుతాయి. అర్జునుని తపస్సుకు ఎత్తైన మాను నాటుతారు. చివర నేలపై మట్టితో తీర్చిన భారీ దుర్యోధన విగ్రహం వద్ద భీముడు తొడపై గదతో మోదే ఘట్టం, ఆపై అగ్నిగుండ ప్రవేశం ఉంటాయి.

3. పాత్రప్రవేశం, హాస్యం
వీధినాటకంలో ప్రధాన పాత్ర అడ్డుతెర వెనుక నుండి ప్రవేశిస్తుంది. ఎవరవని అడిగితే తన వంశాన్ని, పరాక్రమాన్ని తానే ప్రవేశ దరువులో చెప్పుకొంటుంది. ఈ నియమం ధర్మరాజుకూ దుర్యోధనునికీ సమానమే. అందువల్ల ప్రతినాయకునికి ఉత్తమ పురుషలో మాట్లాడే హక్కు కవి సానుభూతి వల్ల గాక, రూపనియమం వల్లనే లభిస్తున్నది. ఆ ఆత్మస్తుతిని హాస్యగాడు అడ్డుప్రశ్నలతో, నేటి మాటలతో తగ్గిస్తాడు. రాజు గొప్పతనమూ, ఆ గొప్పల్లోని డొల్లతనమూ ఒకే సమయంలో ప్రేక్షకునికి తెలుస్తాయి.

యానిమేషన్‌కు మరింత దగ్గరైన తోలుబొమ్మలాటలోనూ ఇదే వ్యవస్థ కనిపిస్తుంది. వెలుగు, తెర, కీళ్ళతో కదిలే బొమ్మ దాని సాధనాలు. రామరావణ కథ నడుమ జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూరి వర్తమాన జీవితాన్ని ఎగతాళి చేస్తారు. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో బొమ్మలాటలను ప్రస్తావించడం ఈ కళ ప్రాచీనతకు ఆధారం.

4. వధలోని సందిగ్ధత
నడుము క్రింద కొట్టడం గదాయుద్ధ నియమానికి విరుద్ధం. మహాభారత శల్యపర్వంలోనే బలరాముడు దీనిపై ఆగ్రహిస్తాడు. పడిపోయిన దుర్యోధనుడు కృష్ణుని నిందించగా ఆకాశం నుండి పూలవాన కురుస్తుంది. భాసుని పేర ప్రసిద్ధమైన ‘ఊరుభంగం’ ఈ అంశాన్నే నాటకంగా మలిచింది. కనుక ప్రతినాయకుని వాదం మూలకథకు వెలుపలి నుండి వచ్చినది కాదు. ఉత్సవం మాత్రం ఆ వాదాన్ని తీర్పుగా మార్చదు. రాత్రి రంగస్థలంపై తన మాట చెప్పుకొన్న రాజే చివరకు మట్టిబొమ్మగా నేలపై పడి ఉంటాడు. మాట వినడం, శిక్షను అంగీకరించడం ఇక్కడ పరస్పర విరుద్ధాలు కావు.

5. ముగింపు
ప్రతినాయకునికి గొంతునివ్వడం, అతనిని సమర్థించడం వేర్వేరు విషయాలు. ‘శంబుక వధ’ వంటి రచనలు విలువలను తలక్రిందులు చేశాయి. వీధినాటకం విలువలను నిలుపుతూనే ఎదిరి పక్షాన్ని వినిపించింది. ఈ భేదాన్ని గుర్తించకపోతే జానపద ప్రదర్శనను కేవలం భక్తి వ్యవహారంగా, ప్రతినాయక దృష్టిని కేవలం ఆధునిక తిరుగుబాటుగా పొరబడే ప్రమాదముంది. కావున వీధినాటకాల అధ్యయనంలో కథాంశంతో పాటు ప్రవేశ దరువులను, లిఖిత ప్రతులకు ఎక్కని హాస్యగాని ఆశుసంభాషణలను కూడా సేకరించి పరిశీలించడం అవసరం.