మూర్ఛకి ఒక ఇంటరప్ట్

చిన్నప్పుడు మా క్లాసులో ఒకడికి ఫిట్స్ వస్తే మాస్టారు పరిగెత్తుకొచ్చి వాడి చేతిలో తాళాల గుత్తి పెట్టేవారు. కాసేపటికి తగ్గేది. అది గుత్తి మహిమేనని చాలాకాలం నమ్మాను. (చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయని తర్వాత తెలిసింది లెండి.) కానీ బయటినుంచి ఒక దెబ్బ కొట్టి మూర్ఛని ఆపొచ్చా అన్న ప్రశ్నకి లెక్కల్లో నిజంగానే ఓ చరిత్ర ఉంది.

1952లో కేంబ్రిడ్జి వాళ్ళు హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ నరంలో సిగ్నల్ ఎలా పుడుతుందో సమీకరణాలుగా ప్రచురించారు. ఆ లెక్కలు చెయ్యాల్సిన సమయానికి యూనివర్సిటీ కంప్యూటరు మార్పుల కోసం ఆపేసి ఉంది. హక్స్‌లీ చేత్తో తిప్పే మిషన్ ముందు కూర్చుని వారాల తరబడి తిప్పాడు. మనమేమో బిల్డ్ పది నిమిషాలు పడితే కాఫీకి వెళ్ళిపోతాం!

అసలు తమాషా తర్వాతది. ఆ సమీకరణాల్లోనే కొన్ని పరిస్థితుల్లో నరానికి రెండు స్థిరమైన స్థితులుంటాయి: ఆగకుండా కొట్టుకోవడం, ఊరుకోవడం. సరైన క్షణంలో సరైన మోతాదులో ఒక్క పల్స్ ఇస్తే మొదటిదాన్నుంచి రెండోదాన్లోకి దూకుతుందని 1979లో బెస్ట్ కంప్యూటర్లో చూపించాడు. 1980లో గట్‌మన్, లూయిస్, రిన్జెల్ నిజం స్క్విడ్ నరం మీదే చేసి చూపించారు. ముందు కోడు, తర్వాత జంతువు!

కానీ మెదడంటే ఒక్క నరం కాదు కదా. 1994లో షిఫ్ బృందం ఎలుక మెదడు ముక్కలో గందరగోళాన్ని పల్సులతో అదుపు చేశామంది. మరుసటేడే క్రిస్టీని, కాలిన్స్ అసలు కేయాసే లేని మోడల్ మీద కూడా అదే పద్ధతి పనిచేస్తుందని చూపించి గాలి తీసేశారు.

2013లో అమెరికాలో పుర్రెలో అమర్చే ఆర్‌ఎన్‌ఎస్ పరికరానికి అనుమతొచ్చింది. లోపల అవకలన సమీకరణాలుంటాయని ఆశపడ్డాను. లేవు. సిగ్నల్ ఆకారం చూసి, డాక్టరు పెట్టిన హద్దు దాటితే పల్స్ కొడుతుంది, అంతే. అయినా రోగుల్లో ఫిట్స్ తగ్గుదల మధ్యస్థం ఏడాదికి 44 శాతం, తొమ్మిదేళ్ళకి 75. కేవలం దెబ్బకి ఆగడమే అయితే ఏటేటా ఎందుకు మెరుగవ్వాలి? మెదడే నెమ్మదిగా మారుతోందేమోనని నా అనుమానం. 2014లో జిర్సా బృందం చేసిన 'ఎపిలెప్టార్' మోడల్లో మెల్లగా నడిచే చలరాశి ఒకటుంది గానీ, అది ఫిట్ మొదలవడం, ఆగడం చెప్పడానికే. ఏళ్ళ తరబడి మార్పుకి ఇంకో పొర రాయాలి.

ఈ లోపు పక్కనెవరికైనా ఫిట్స్ వస్తే ఒత్తిగిల్లేలా పడుకోబెట్టండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్. తాళాలు మాత్రం జేబులోనే ఉండనివ్వండి.