నిర్వీర్యమైన పాత సైనిక వస్తువులు: విప్పే ముందు, భద్రపరిచే ముందు

బిలాస్‌పూర్ వంటి రైల్వే పట్టణాలలో తాతల నాటి ట్రంకు పెట్టెలు తెరిచినప్పుడు పతకాలు, బిళ్ళలు, తోలు పటకాలు, ఇత్తడి తోటాలు బయటపడడం వింత కాదు. 1891లో నాగపూర్-ఆసన్‌సోల్ ప్రధాన మార్గం ప్రారంభమైన నాటి నుంచి ఈ పట్టణం బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెనవేసుకొని పెరిగింది. ఆ రైల్వేకు బ్రిటిష్ పాలనలో సొంత స్వచ్ఛంద సైనిక దళం ఉండేది. అందులో చేరినవారు ఎక్కువగా ఐరోపా, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగులు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పని కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ దళంతో సంబంధం లేకపోయినా, వేలంలో కొన్న పాత సామానుతోనో, సైన్యంలో పనిచేసిన బంధువుల ద్వారానో ఇటువంటి వస్తువులు చేరి ఉండవచ్చు. వాటిని ఏం చేయాలన్న ప్రశ్న సాధారణంగా ఇల్లు మారేటప్పుడో, పెద్దలు గతించాకనో ఎదురవుతుంది.

మొదట తేల్చుకోవలసింది ఆ వస్తువు నిజంగా నిర్వీర్యమైనదా అన్న సంగతి. పతకం, శిరస్త్రాణం, సైనిక పాత్ర విషయంలో ఈ సందేహం లేదు. తోటా, గుండు, గ్రెనేడ్ విషయంలో మాత్రం కంటితో చూసి నిర్ణయించడం సాధ్యం కాదు. తోటా అడుగున ప్రైమరుపై చిన్న నొక్కు ఉంటే అది పేలిన తోటా అని చాలామంది నమ్ముతారు. సూది తగిలినా పేలకుండా మిగిలిన తోటాకు కూడా అదే నొక్కు ఉంటుంది. గుండుకు రంధ్రం వేసి ఉన్నంత మాత్రాన లోపలి మందుగుండును పూర్తిగా తొలగించారని చెప్పలేము. కాలం గడిచేకొద్దీ మందు చచ్చిపోతుందన్నది మరొక అపోహ. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు గుండ్లలో విరివిగా వాడిన పిక్రిక్ ఆమ్లం కొన్ని లోహాలతో కలిసి, తాకిడికి మరింత సులువుగా పేలే లవణాలుగా మారుతుంది. అంటే పాతబడినకొద్దీ ప్రమాదం పెరిగే సందర్భాలూ ఉన్నాయి.

ఈ అజాగ్రత్తకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో 2004 సెప్టెంబరు 30న గాజియాబాద్ సమీపంలోని సాహిబాబాద్‌లో దేశం చూసింది. విదేశాల నుంచి దిగుమతైన తుక్కు ఇనుములో కలిసి వచ్చిన గుండ్లు ఒక ఉక్కు కర్మాగారంలో పేలి పదిమంది కార్మికులు మరణించారు. ఆ తరువాత తుక్కు దిగుమతిపై నిబంధనలు కఠినమయ్యాయి. రాయ్‌పూర్, బిలాస్‌పూర్ పరిసరాలలో తుక్కును కరిగించే పరిశ్రమలు అనేకం ఉన్నందున ఈ సంఘటన ఇక్కడివారికి దూరపు వార్త కాదు. ఇంట్లో దొరికిన గుండును ‘ఇత్తడి ధర పలుకుతుంది’ అని పాతసామాను వ్యాపారికి తూకానికి వేయడమంటే, ఆ ప్రమాదాన్ని కొలిమి దగ్గర నిలబడే కూలీకి అప్పగించడమే.

అనుమానం ఉన్న వస్తువును కదపకూడదు, నీళ్ళలో వేయకూడదు, విప్పకూడదు. 112కు ఫోన్ చేస్తే పోలీసులు నిపుణుల బృందాన్ని రప్పిస్తారు. దానిని సంచిలో పెట్టుకొని పోలీసు స్టేషనుకు తీసుకువెళ్ళడం సదుద్దేశమే అయినా ప్రమాదకరం. రైలులో తీసుకువెళ్ళడం నేరం కూడా. ప్రమాదకర వస్తువులను అక్రమంగా రైలులోకి తెచ్చినవారికి 1989 నాటి రైల్వే చట్టంలోని 164వ సెక్షన్ మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధిస్తుంది.

చట్టం పాత వస్తువులను గుర్తించకపోలేదు. 1959 నాటి ఆయుధ చట్టం 45వ సెక్షన్ ప్రకారం, కాలం చెల్లిన నమూనాకు చెందినదై గానీ, పురాతన విలువ కలిగినదై గానీ, పాడైపోయినదై గానీ ఉండి, మరమ్మతు చేసినా చేయకున్నా తుపాకీగా పనికిరాని ఆయుధానికి ఆ చట్టం వర్తించదు. ‘మరమ్మతు చేసినా’ అన్న మాట ఇక్కడ కీలకం. గుర్రం విరిగిన తుపాకీని కమ్మరి బాగుచేయగలిగితే ఆ మినహాయింపు దక్కదు. ఈ నిర్ణయం యజమాని స్వయంగా తీసుకోవలసింది కాదు. జిల్లా యంత్రాంగం నుంచి రాతపూర్వకంగా పొందడం మేలు. వంద సంవత్సరాలు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం వర్తిస్తుంది. వాటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం.

నిర్వీర్యమని ధ్రువపడిన వస్తువును విప్పడం వేరే విద్య. తెలుగువారికి తెలిసిన అతిపెద్ద ఉదాహరణ విశాఖపట్నంలో ఉంది. 1988లో నౌకాదళంలో చేరిన టీయూ-142 గస్తీ విమానాలు 2017 మార్చి 29న అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాళి స్థావరంలో సేవల నుంచి వైదొలగాయి. వాటిలో ఒకటి ఏప్రిల్ 8న విశాఖలోని ఐఎన్ఎస్ డేగాకు ఎగిరి వచ్చింది. అక్కడి నుంచి బీచ్ రోడ్డుకు దూరం స్వల్పమే. అయితే రెక్కల చివరి నుంచి చివరికి సుమారు 50 మీటర్లు, పొడవు 53 మీటర్లు ఉన్న విమానం నగర వీధులలో పట్టదు. దానిని భాగాలుగా విడదీసి, రోడ్డు మీద తరలించి, సముద్రతీరాన తిరిగి బిగించారు. అదే ఏడాది డిసెంబరు 7న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ ప్రదర్శనశాలను ప్రారంభించారు. ఎదురుగా ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా కథ ఇందుకు భిన్నం. 91 మీటర్ల ఆ జలాంతర్గామిని ముక్కలు చేయకుండా తీరం మీదికి లాగారు. 1969లో సేవలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించిన ఆ నౌక 2002 ఆగస్టు నుంచి ప్రదర్శనశాలగా ఉంది. ఏది విప్పాలి, ఏది విప్పకూడదు అన్నది వస్తువే నిర్ణయిస్తుందనడానికి ఈ రెండూ పక్కపక్కనే కనిపించే సాక్ష్యాలు.

ఇంట్లోని చిన్న వస్తువుకూ పద్ధతి అదే. విప్పక తప్పదా అని ముందు ఆలోచించాలి. తుప్పు లోపల వ్యాపిస్తున్నప్పుడు, తోలు లోహానికి అంటుకొని రెండూ పాడవుతున్నప్పుడు మాత్రమే విప్పాలి. ప్రతి దశలో ఫొటో తీయాలి. ప్రతి మరను విడిగా కాగితపు పొట్లంలో కట్టి, అది ఎక్కడిదో రాయాలి. ఒకేలా కనిపించే రెండు మరలు నిజానికి ఒకటి కావు. మర గాడికి సరిపోని స్క్రూడ్రైవరు వాడితే గాడి చెడిపోతుంది. బిగుసుకున్న మరకు నూనె పట్టించి రోజుల తరబడి వేచి ఉండాలే గాని సుత్తి వాడకూడదు. రాత్రిపూట ప్రకాశించే పాత గడియారపు ముఖాలు, సైనిక పరికరాల ముళ్ళు మాత్రం విప్పవద్దు. వాటి రంగులో రేడియం ఉండవచ్చు. దాని అర్ధాయువు 1,600 సంవత్సరాలు. పాత విషవాయు ముసుగులను ముఖానికి తగిలించుకొని సరదాపడడం కూడా తగదు. కొన్నింటి వడపోత డబ్బాలలో ఆస్బెస్టాస్ ఉంది.

ఇక శుభ్రం చేయడం. ఇత్తడి కనబడితే చింతపండు పులుసుతో తళతళలాడేలా తోమడం మన ఇళ్ళలో అలవాటు. బిందెకు అది మంచిదే కానీ, పురాతన తోటాకు కాదు. శతాబ్ది కాలంగా ఏర్పడిన ముదురు పొర దానికి రక్షణ, వయసుకు రుజువు; తోమితే అడుగున చెక్కిన సంవత్సరం, కర్మాగారం గుర్తులు కూడా అరిగిపోతాయి. అమోనియా కలిసిన పాలిష్ ఇంకా చెరుపు. ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది మన దేశపు అనుభవం నుంచే. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసిన ఇత్తడి తోటాలు ఏ దెబ్బా తగలకుండానే పగిలేవి. కారణం 1921లో తేలింది: గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, తయారీ సమయంలో లోహంలో మిగిలిపోయిన ఒత్తిడి కలిసి ఇత్తడిని చీలుస్తున్నాయి. వానల కాలంలో సంభవించినందువల్ల దానికి ‘సీజన్ క్రాకింగ్’ అన్న పేరు వచ్చింది. కాబట్టి మెత్తని పొడి గుడ్డతో తుడిచి, పలుచగా మైనం పట్టిస్తే చాలు. ఇనుప వస్తువుకు తుప్పును పూర్తిగా గీకివేయడం కంటే రాలుతున్న పొరను మాత్రమే తీసి, బాగా ఆరబెట్టి, మైనం పూయడం శ్రేయస్కరం. తోలును, ఇత్తడిని తాకేలా ఉంచరాదు. వాటి మధ్య ఆకుపచ్చని జిగురు పేరుకుంటుంది. చేతి చెమటలోని ఉప్పు చాలు వేలిముద్ర శాశ్వతంగా పడడానికి, అందుకే చేతి తొడుగులు అవసరం.

జులై నుంచి సెప్టెంబరు వరకు ఛత్తీస్‌గఢ్ గాలిలోని తేమే అసలు శత్రువు. గోడకు ఆనించిన ఇనుప బీరువా కంటే సిలికా జెల్ పొట్లాలతో, గట్టి మూత ఉన్న పెట్టె మేలు. ఆ పొట్లాలను నెలకొకసారి ఆరబెట్టాలి. వార్తాపత్రికలలో చుట్టకూడదు, ఆ కాగితంలోని ఆమ్లం లోహాన్ని, బట్టను తింటుంది.

వస్తువుతో పాటు దాని కథను కూడా రాసి ఉంచాలి: ఎవరిది, ఎలా వచ్చింది, ఏ సంవత్సరం, ఎవరు చెప్పారు. ఆ వివరాలు లేని పతకాన్ని ఏ ప్రదర్శనశాలా సరిగా వర్గీకరించలేదు. ఇంట్లో ఉంచుకోలేనివారు రాయ్‌పూర్‌లో 1875 నుంచి ఉన్న మహంత్ ఘాసీదాస్ స్మారక ప్రదర్శనశాలను సంప్రదించవచ్చు. వెళ్ళేటప్పుడు ఫొటోలు, ఆ కాగితం తీసుకువెళ్తే చాలు. వస్తువును వెంట తీసుకువెళ్ళనవసరం లేదు.