పూడిక లెక్క, తీరం లెక్క: కృష్ణా–గోదావరి డెల్టాలలో మైదానమూ దీవీ

భారతదేశపు భౌతిక స్వరూపాన్ని వర్ణించే పాఠ్యగ్రంథాలు దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి. హిమాలయాలతో మొదలై, ఉత్తర మైదానాలు, దక్కన్ పీఠభూమి, థార్ ఎడారి దాటి, చివరికి తీర మైదానాలు, దీవులు అనే రెండు చిన్న అధ్యాయాలతో ముగుస్తాయి. తూర్పు తీరం వెడల్పు, పశ్చిమ తీరం ఇరుకు. తూర్పుది సముద్రంలోంచి తేలింది, పడమటిది మునిగింది. దీవులంటే బంగాళాఖాతంలో అండమాన్ నికోబార్, అరేబియా సముద్రంలో లక్షద్వీప్. విద్యార్థికి గుర్తుండటానికి ఈ విభజన బాగానే పనికొస్తుంది. చిక్కల్లా, అది తీరాన్ని అర్థం చేసుకునే పద్ధతిగా కూడా స్థిరపడిపోవడం. ఈ చట్రంలోంచి చూస్తే కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో మైదానం ఒక జాతి, దీవి మరో జాతి. వాస్తవంలో రెండూ ఒకే ఒండ్రు ప్రయాణంలోని మజిలీలు. ఆ ఒండ్రు రాక తగ్గితే రెండూ ఒకే కారణంగా కోసుకుపోతాయి. ఈ తీరం విషయంలో ముందుగా తేల్చవలసింది దానికి మట్టి ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత వస్తోంది అన్నదేనని, తేలిందా మునిగిందా అన్న ప్రశ్న ఆ తర్వాతదేనని ఈ వ్యాసం వాదన.

గోదావరి నాసిక్ జిల్లా త్ర్యంబకేశ్వరం దగ్గర, అరేబియా సముద్రానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో పుడుతుంది. కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం కూడా ఆ సముద్రానికి దగ్గరే. అయినా ద్వీపకల్పం తూర్పుకు వాలి ఉండటంతో గోదావరి 1,465 కిలోమీటర్లు, కృష్ణ దాదాపు 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తాయి. దారిలో దక్కన్ లావా శిలలు శిథిలమైన నల్లరేగడినీ, ఇతర శిలల ఇసుకనూ కడిగి తెస్తాయి. ఏటి నీటిలో సింహభాగం నైరుతి ఋతుపవనాల నాలుగు నెలల్లోనే పారుతుంది గనుక ఒండ్రు కూడా ఆ వరదల్లోనే దిగుతుంది. మంచుయుగం ముగిశాక పెరుగుతూ వచ్చిన సముద్రమట్టం ఆరేడు వేల ఏళ్ల కిందట ఇంచుమించు నిలకడకు వచ్చింది. ఆ తర్వాతనే నదులు తెచ్చిన మేట సముద్రాన్ని వెనక్కి నెడుతూ పోయింది. డెల్టాలో తీరానికి సమాంతరంగా, ఒకదాని వెనక ఒకటిగా కనిపించే పాత ఇసుక మెరకలే అందుకు సాక్ష్యం. ప్రతి మెరకా ఒకప్పటి సముద్రపు ఒడ్డు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు, ఆయన సహపరిశోధకులు బోరు మట్టి నమూనాల కార్బన్ కాలనిర్ణయం ఆధారంగా గోదావరి డెల్టా ఎదిగిన క్రమాన్ని వివరించారు. రెండు డెల్టాలూ ముందుకు జరుగుతుంటే వాటి నడుమ పూడకుండా మిగిలిన పల్లమే కొల్లేరు. ఇప్పుడు దానికి సముద్రంతో ఉన్న బంధమల్లా సుమారు 60 కిలోమీటర్ల పొడవైన ఉప్పుటేరు ఒక్కటే. ఇక్కడి నేల కిందినుంచి పైకి లేచినది కాదు, ఎగువ నుంచి కొట్టుకొచ్చి పడినది.

ఇక దీవుల సంగతి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. రెండు వైపులా ఏటి పాయలు, మూడోవైపు సముద్రం ఉన్న కోనసీమ నిర్వచనం ప్రకారం దీవే. పులిగడ్డ దగ్గర చీలిన కృష్ణ చుట్టుకునే దివిసీమా అంతే. అయినా ఏ పాఠ్యగ్రంథమూ వీటిని దీవుల అధ్యాయంలో చేర్చదు. మైదానంలో కలిపేసి ఊరుకుంటుంది. అది పొరపాటనలేం, ఎందుకంటే ఇవి ఒకనాటి దీవులు, నేటి మైదానాలు. ఏటి నడుమ లంకలు ఒక వరదకు కోతపడి మరో వరదకు మేటవేస్తాయి. కరకట్ట దాటి మొగల వైపు వెళ్తే, ఎదురుమొండి లాంటి చోట్ల మడ అడవి వేళ్లు బురదను పట్టి నిలుపుతుంటే నేల అన్నది ఇంకా తయారీలోనే ఉంది. (సర్వే నంబరుకు హద్దులు ఒకసారి వేస్తే చాలనుకునే రెవెన్యూ పద్ధతికి లంక భూములు ఎప్పుడూ కొరకరాని కొయ్యే.) వీటన్నిటిలో అతి స్పష్టమైన ఉదాహరణ కాకినాడ ఎదుట ఉన్న హోప్ ఐలాండ్. గౌతమి మొగ దగ్గర పడిన ఇసుకను అలలు ఉత్తరానికి ఈడ్చుకుపోగా, గత రెండు శతాబ్దాలలో సాగిన పొడవాటి ఇసుక దిబ్బ అది. అది ఎదిగిన కాలంలోనే కోరంగి రేవు క్షీణించింది. 18వ శతాబ్దంలో ఓడల నిర్మాణానికి పేరుపొందిన ఆ రేవును 1789, 1839 తుఫానుల ఉప్పెనలు ముంచిన కథ అందరికీ తెలిసిందే. రేవులోకి దిగిన మేట గురించి చెప్పేవారు తక్కువ. కోరంగిని పూడ్చిన ఒండ్రే మడ అడవులకు నేలయింది, హోప్ ఐలాండ్‌ను నిలిపింది, ఆ దిబ్బ అలలకు అడ్డుపడటంతో కాకినాడ అఖాతం ఓడలకు నెమ్మదైన నీరయింది. రేవు, అడవి, దీవి అని మూడు శీర్షికల కింద మనం రాసుకునేది ఒక్క ఏటి పనే.

పాఠ్యగ్రంథాలు చెప్పే 'అసలు' దీవులతో పోలిస్తే ఈ తేడా ఇంకా తెలుస్తుంది. అండమాన్ నికోబార్ దీవులు మయన్మార్‌లోని అరకాన్ యోమా పర్వతాల కొనసాగింపు. ఒక భూఫలకం మరొకదాని కిందికి దిగే అంచున లేచినవి. లక్షద్వీప్ ప్రవాళ నిర్మితం. మునిగిన అగ్నిపర్వత శ్రేణి మీద జీవులు కట్టిన సున్నపు నేల. గంగా డెల్టా అంచున 1970 తుఫాను తర్వాత కనిపించి, భారత్, బంగ్లాదేశ్‌లు రెండూ తమదన్న న్యూమూర్ దీవి ఒట్టి ఒండ్రు. 2010 నాటికి మునిగిపోయింది. ఈ మూడింటినీ ఒక గాటన కట్టే 'దీవి' అనే వర్గం ఆకారాన్ని చెబుతుందే గాని కారణాన్ని చెప్పదు. తేలడం, మునగడం అన్న జంట కూడా నిలకడైనది కాదు. 2004 డిసెంబర్ 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచింది, దక్షిణాన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. ఒకే దీవుల వరుస, ఒకే రోజు.

ఒండ్రు లెక్కకు వస్తే, నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదనకు ప్రధానాధారం. గోదావరి తెచ్చే తేలియాడే ఒండ్రు 1970లలో ఏటా దాదాపు 15 కోట్ల టన్నులుండగా, 2000–06 నాటికి 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణలో 1960ల చివర 90 లక్షల టన్నులున్నది 2000–05 నాటికి 4 లక్షలకు దిగింది. 1965–2008 మధ్య రెండు డెల్టాల తీరం నికరంగా సుమారు 76 చదరపు కిలోమీటర్ల నేలను పోగొట్టుకుంది. తగ్గిన ఒండ్రు ఎక్కడికి పోయిందో వెతకనక్కర్లేదు. నాగార్జునసాగర్ మొదటి సామర్థ్యం 408 టీఎంసీలు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి దాదాపు 215కి వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాలలో ఈ అంకెల మీద జరిగే చర్చంతా పోయిన నీటి గురించే. ఆ జాగాలో కూర్చున్న మట్టి దివిసీమకు చేరవలసినదన్న ఊసు అందులో రాదు. ఆ పూడిక మొత్తం సముద్రం దాకా వచ్చేదని కాదు. ముతక ఇసుకలో కొంత దారిలోనే ఆగిపోయేది. అందులో కొద్ది వంతు వచ్చినా తీరం జమాఖర్చు మరోలా ఉండేది.

దీనికి మూడు అభ్యంతరాలు గట్టివి. ఒకటి, డెల్టా తీరం కోత సహజమే, నది పాయ మార్చుకున్నప్పుడల్లా వదిలేసిన మొగ దగ్గర అలలు నేలను కోస్తూనే ఉంటాయి అన్నది. నిజమే. కాని పాయ మారితే ఒకచోట పోయిన నేల మరోచోట వేయాలి. రెండు వేర్వేరు నదుల డెల్టాలు ఒకే కాలంలో నికరంగా తగ్గడాన్ని అది వివరించలేదు. రెండోది బలమైనది: సముద్రమట్టం పెరుగుతోంది, ఒండ్రు నేల తన బరువుకు తానే కుదించుకుపోతుంది, భూగర్భం నుంచి నీరు, సహజవాయువు తోడటం ఆ కుంగుబాటును పెంచవచ్చు. ఇవి కారణాలు కావని అనడం మూర్ఖత్వం. అయితే డెల్టా కుంగడం కొత్త కాదు; వేల ఏళ్లుగా కుంగుతూనే, ఏటేటా వరద వేసే పొరతో ఆ లోటు పూడ్చుకుంటూ ముందుకు జరిగింది. పొర పలచబడినప్పుడే కుంగుబాటు నష్టంగా మారుతుంది. 2009లో జేమ్స్ సివిట్‌స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, మనిషి చేతలు వాటిని కుంగదీస్తున్నాయని చూపినప్పుడు కృష్ణా, గోదావరులూ ఆ జాబితాలో ఉన్నాయి. వానలు తగ్గాయనడం ఇక్కడ చెల్లదు. కృష్ణ ఒండ్రు ఇరవయ్యో వంతుకు పడిపోయినంతగా వాన ఎక్కడా పడిపోలేదు.

మూడో అభ్యంతరం చరిత్ర నుంచి వస్తుంది. ఆర్థర్ కాటన్ హయాంలో ధవళేశ్వరం ఆనకట్ట 1852కి, విజయవాడ ఆనకట్ట 1855కి పూర్తయ్యాయి. అడ్డుకట్టలే కారణమైతే కోత అప్పుడే మొదలు కావాలి కదా? ఈ ప్రశ్న వాదనను దెబ్బతీయకపోగా దానికి పదును పెడుతుంది. అవి నీటిమట్టాన్ని కాస్త ఎత్తి కాలువలకు మళ్లించే కట్టలు. వరద వాటి మీదుగా ఒండ్రుతో సహా దాటిపోయేది. నెలల తరబడి నీటిని నిలిపి మట్టిని అడుక్కి దించే జలాశయాలు 20వ శతాబ్దం రెండో సగంలో వచ్చాయి: 1967లో నాగార్జునసాగర్, 1970లలో జాయక్వాడి, శ్రీరామసాగర్, 1980లలో శ్రీశైలం. ఒండ్రు పడిపోయిన కాలమూ ఇదే. డెల్టాకు తిండి పెట్టింది ఆనకట్టలే గనుక, నీటి నిల్వలు వద్దనే వాదనకు ఇక్కడ తావు లేదు. నీటిని మళ్లించడం వేరు, మట్టిని ఆపడం వేరు అని మాత్రం గుర్తించాలి.

తీరాన్ని గీతగా చూసే అలవాటు ఈ తేడాను కనపడనివ్వదు. దేశ తీరరేఖ పొడవు దశాబ్దాలపాటు 7,516.6 కిలోమీటర్లుగా చదువుకున్నాం. మరింత సూక్ష్మమైన పటాలతో తిరిగి కొలిచాక అది 11,098.81 అయింది. ఆంధ్రప్రదేశ్ వాటా 973.7 నుంచి 1,053.07 కిలోమీటర్లకు పెరిగింది. గీత పొడవెక్కడం కొలబద్ద మహిమ. నేల తరిగిందో లేదో అది చెప్పదు. చట్టమూ గీతనే నమ్ముకుంది. తీర నియంత్రణ మండల నిబంధనలు సముద్రం ఒడ్డున పోటు గరిష్ఠంగా తాకే రేఖ నుంచి 500 మీటర్ల లోపలి దాకానే చూస్తాయి. కాకినాడ సమీపంలోని ఉప్పాడలో కోతకు రాళ్లగోడ కట్టడం ఆ 500 మీటర్ల చూపుకు తగ్గ పనే. అక్కడి కోతకు హోప్ ఐలాండ్ దిబ్బ ఇసుకను, అలల బలాన్ని మళ్లించే తీరుతో సంబంధం ఉందన్న పరిశోధకుల ప్రతిపాదనను గోడ ఏమీ చేయలేదు. ఎక్కడ ఇసుక ఆగిందో అక్కడ లెక్క మొదలు కావాలి.

ఆ లెక్కకు ముందున్న పెద్ద పద్దు పోలవరం. 194 టీఎంసీల ఆ జలాశయం ధవళేశ్వరానికి 42 కిలోమీటర్ల ఎగువనే, గోదావరి ప్రధాన ఉపనదులన్నీ కలిసిన తర్వాత వస్తోంది. ఎగువ జలాశయాలను తప్పించుకుని ఇంద్రావతి, శబరిలు తెచ్చే ఒండ్రుకు ఇంతవరకు పెద్దగా అడ్డు లేదు. గోదావరి డెల్టా కృష్ణా డెల్టా అంతగా ఆకలిగొనకపోవడానికి అదొక ముఖ్య కారణం. తొలి వరదల బురదనీటిని నిలపకుండా వదలడం, ఎన్ని టన్నులు దిగువకు దాటాయో టీఎంసీలతో పాటు ఏటా ప్రకటించడం ప్రాజెక్టు నిర్వహణ నియమాలలో ఇప్పుడే చేరాలి. జలాశయం పూడటం మొదలయ్యాక కొలిచే అంకెలు కోనసీమ అంచున ఉన్న ఊళ్లకు ఆలస్యంగా అందుతాయి.