కోరంగి లెక్కకు వోచరు ఏదీ?

కిందటి శీతాకాలం కాకినాడ వెళ్ళినప్పుడు కోరంగి అభయారణ్యం చూశాను. మడ చెట్ల మధ్య చెక్కల వంతెన మీద నడుస్తుంటే బురదలోంచి మేకుల్లా పైకి లేచిన ఊపిరి వేళ్ళు కనిపిస్తాయి. తిల్ల చెట్టు పాలు కంట్లో పడకూడదని హెచ్చరిస్తారు. అది మూఢనమ్మకం కాదు, నిజమే. అక్కడినుంచి పడవలో పాత లైట్‌హౌస్ దాకా వెళ్ళాం. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన కట్టడం, ఇప్పుడు మాలాంటి వాళ్ళు ఫొటోలు తీసుకునే చోటు.

పడవ నడిపే అతను కథ మొదలుపెట్టాడు. "పూర్వం తుఫానులో ఇక్కడ మూడు లక్షల మంది పోయారండీ. ఇరవై వేల ఓడలు మునిగిపోయాయండీ. అమ్మవారి కోపమండీ."

"అమ్మవారి సంగతి అలా ఉంచు. ఓడలు లెక్కపెట్టిందెవరు?" అన్నాను. నవ్వి ఊరుకున్నాడు.

తిరిగి ఢిల్లీ వచ్చాక, ముఖర్జీ నగర్‌లో మా పై గదిలో ఉండి సివిల్స్‌కు చదువుతున్న తెలుగు కుర్రాడికి ఈ సంగతి చెప్పాను. వెంటనే నోట్సు తీసి చూపించాడు. 1839 నవంబరు 25, కోరంగి, 3,00,000 మంది, 20,000 ఓడలు. "నెట్‌లో కూడా ఇదే ఉంది అంకుల్" అన్నాడు. పడవతని కథకూ ఈ నోట్సుకూ తేడా అమ్మవారు ఒక్కరే!

రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైన వాణ్ణి. గుండ్రటి అంకె కనబడితే వోచరు అడగడం అలవాటు. ఒక్క రేవులో 20,000 ఓడలా? ఓడకు 15 మంది చొప్పున వేస్తే సరిగ్గా 3 లక్షలు తేలుతుంది. ఇంకాస్త వెతికితే అసలు సంగతి బయటపడింది. 1737 అక్టోబరులో కలకత్తాను ముంచిన తుఫానుకూ ఇవే రెండు అంకెలు చెబుతారు! ఆనాటి కలకత్తాలో 3 లక్షల జనాభాయే లేదు. రోజర్ బిల్హామ్ అనే భూకంప శాస్త్రవేత్త 1994లో పాత రికార్డులు పరిశీలించి, నగరంలో చనిపోయినవారు సుమారు 3,000 మంది అని ఈస్టిండియా కంపెనీ వారి లెక్కలో ఉన్నట్టు చూపించాడు. 102 ఏళ్ళ తేడాతో వచ్చిన రెండు తుఫాన్లకు ఒకే అంకెలు! ఒకే వోచరు రెండు పద్దుల్లో పడిందా అని ఏ ఆడిటరైనా అడుగుతాడు.

అంటే కోరంగిలో ఏమీ జరగలేదని కాదు. బర్మాలో తెలుగువారినందరినీ 'కోరంగీలు' అని పిలిచేంత పేరున్న రేవు అది. 1789లోనూ ఉప్పెన దాన్ని ముంచింది. 1839 తుఫానూ నిజమే, చావులూ నిజమే. ఆ కాలంలోనే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ ఓడల లాగ్ పుస్తకాలు పోగుచేసి తుఫాన్ల తీరు అధ్యయనం చేశాడు. 'సైక్లోన్' అనే మాటను 1848లో లోకానికి ఇచ్చింది ఆయనే. కోపించిన దేవత ఎవరని అడగలేదు. గాలి ఎటు తిరిగింది, బారోమీటరు ఎంత పడింది అని అడిగాడు. రేవు క్షీణించడానికి ఒక్క తుఫానే కాదు, గోదావరి ఒండ్రు మేట వేయడం కూడా కారణం. ఎదుట కనబడే హోప్ ఐలండ్ ఆ ఒండ్రుతో గత 200 ఏళ్ళలో ఏర్పడిందే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "3 లక్షల మంది కొట్టుకుపోతుంటే మీ దేవుడు ఏం చేశాడు?" అని ఒక సమావేశంలో నేనే అడిగాను. చప్పట్లు కొట్టారు. మనవాళ్ళలో ఒక్కరూ ఆధారం అడగలేదు. పురాణంలో లక్షలు, కోట్లు చెబితే నవ్వే మనం, మన వాదానికి పనికొచ్చే అంకెను కళ్ళు మూసుకుని నమ్మాం. ఇదీ మూఢనమ్మకం కాదా?

అంకె పెంచితే చనిపోయినవారికి గౌరవం పెరగదు. 1996 నవంబరు 6న ఇదే తీరంలో తుఫాను 1,000 మందికి పైగా ప్రాణాలు తీసింది. వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. దేవుణ్ణి నిలదీయడానికి ఆ వెయ్యి మంది చాలరా?

"మరి పరీక్షలో అడిగితే ఏం రాయమంటారు అంకుల్?" అన్నాడు కుర్రాడు.

"తుఫాను నిజం, 3 లక్షలకు నమ్మదగిన ఆధారం లేదు అని రాయి" అన్నాను.

"మార్కు పోతుందేమో!"

పోవచ్చు. ఆ మాట కాదనలేకపోయాను.